ఖర్‌కాయి మీదుగా కానరాని వంతెన

జంషెడ్‌పూర్ నగరానికి దక్షిణ, పశ్చిమ దిశలలో ఖర్‌కాయి నది ఒరసి ప్రవహించి, సోనారీ సమీపంలో సువర్ణరేఖలో కలుస్తుంది. ఆ సంగమస్థలాన్ని స్థానికులు దోముహానీ అంటారు. ఖర్‌కాయికి ఒక ఒడ్డున ఉక్కు నగరం, మరొక ఒడ్డున ఆదిత్యపూర్ ఉన్నాయి. వేసవిలో నది సన్నని పాయగా చిక్కిపోయి రాళ్ళు బయటపడతాయి. శ్రావణ భాద్రపదాలలో అదే నది ఒడ్డులను కోసుకుంటూ పరవళ్ళు తొక్కుతుంది. మనుషులు, లారీలు, రైళ్ళు వంతెనల మీదుగా నదిని దాటుతాయి. వీటితోపాటు ఒక ఒడ్డునుండి మరొక ఒడ్డుకు ఎవరి కంటికీ కనిపించని రాకపోకలు కూడా నిత్యం సాగుతుంటాయి. భవనాలపైన, ఇనుప గోపురాలపైన బిగించిన గుండ్రని పళ్ళేల మధ్య మాటలు, లెక్కలు, చిత్రపటాలు సూక్ష్మతరంగాల రూపంలో ప్రయాణం చేస్తాయి. సాంకేతిక నిపుణులు దీనినే మైక్రోవేవ్ లింకు అంటారు. ఇటువంటి లింకును ఎలా నెలకొల్పుతారు, రెండు చివరలనూ ఎలా ఎదురెదురుగా కుదురుస్తారు అన్నది ఈ వ్యాస విషయం.

ఆదిత్యపూర్‌కు ఇటువంటి సాధనం అవసరమైన కారణం దాని పుట్టుకలోనే ఉంది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ, 1945లో నెలకొన్న టెల్కో జంషెడ్‌పూర్‌ను భారీ పరిశ్రమల కేంద్రంగా తీర్చిదిద్దాయి. పెద్ద కర్మాగారాలకు కావలసిన విడిభాగాలను, పోతపోసిన సామగ్రిని, పనిముట్లను సమకూర్చే చిన్న, మధ్యతరహా పరిశ్రమలు నదికి ఆవలి ఒడ్డున వెలిశాయి. 1972లో ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పాటయింది. ఆనాడు ఈ ప్రాంతం బీహారు రాష్ట్రంలోని సింగ్‌భూమ్ జిల్లాలో ఉండేది. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ రాష్ట్రం ఏర్పడగా, 2001 నుండి ఆదిత్యపూర్ సరాయికేలా-ఖర్సావా జిల్లాలో భాగమైంది. జిల్లాల సరిహద్దులు మారినా ఈ రెండు ఒడ్డుల పరస్పరాధారం మారలేదు. పెద్ద కర్మాగారంలో కూర్పు వరుస ఏ రోజు ఏ భాగాన్ని కోరుతుందో ఆవలి ఒడ్డున ఉన్న చిన్న కార్ఖానాకు ఆనాడే తెలియాలి. కబురు ఆలస్యమైతే ఒకచోట సరుకు పేరుకుపోతుంది, మరొకచోట పని నిలిచిపోతుంది. దినకూలీపై బ్రతికే కార్మికునికి పని నిలిచిన రోజు కూలి లేని రోజే.

దూరవాణి సౌకర్యం విషయంలో పాతతరం వారికి గుర్తున్న కాలం వేరు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఉపాధి నిమిత్తం ఖరగ్‌పూర్, టాటానగర్ వైపు తరలివచ్చి స్థిరపడ్డాయి. స్వగ్రామంలో తల్లికి జబ్బు చేసినా, చెల్లెలి పెళ్ళి కుదిరినా ఆ వార్త ఉత్తరం ద్వారా గాని, తంతి ద్వారా గాని రావలసిందే. ఫోనులో మాట్లాడవలెనంటే ట్రంక్‌కాల్ నమోదు చేయించుకొని గంటల తరబడి వేచి ఉండాలి. సాధారణ కాల్, అర్జెంటు కాల్, లైట్నింగ్ కాల్ అని మూడు తరగతులు ఉండేవి. తొందర పెరిగినకొద్దీ రుసుము పెరిగేది. స్తంభాలపై లాగిన తీగలు మోయగలిగిన సంభాషణలు పరిమితం కాబట్టి ఆ నిరీక్షణ తప్పేది కాదు. 1960లో లక్నో, కాన్పూర్ నగరాల మధ్య ఆపరేటరు ప్రమేయం లేకుండా చందాదారుడే నేరుగా దూరప్రాంతానికి డయల్ చేసే ఏర్పాటు దేశంలో మొదటిసారిగా వచ్చింది. అటువంటి ఏర్పాటు దేశమంతటా విస్తరించాలంటే ఒకే మార్గంపై వందల సంభాషణలు ఏకకాలంలో సాగాలి. భూగర్భంలో వేసిన కోయాక్సియల్ కేబులు, కొండలపైనా గోపురాలపైనా నిలిపిన సూక్ష్మతరంగ కేంద్రాలు ఆ భారాన్ని పంచుకున్నాయి. దేశంలోని తొలి సూక్ష్మతరంగ మార్గాలలో ఒకటైన కలకత్తా-అసన్‌సోల్ మార్గం 1960ల దశకంలో ఈ తూర్పు పారిశ్రామిక మండలంలోనే వెలసింది.

ఈ తరంగాల చరిత్రలో మరొక పుట కూడా కలకత్తాకు చెందినదే. 1895లో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ అక్కడి టౌన్ హాలులో అదృశ్య తరంగాలను గోడలగుండా పంపి, దూరంగా ఉన్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపించారు. ఆయన తన పరిశోధనలలో వాడిన తరంగాలలో కొన్నింటి దైర్ఘ్యం 5 మిల్లీమీటర్లు మాత్రమే. తరంగాలను ఒక దిక్కుకు మళ్ళించేందుకు ఆయన చేయించిన గరాటు వంటి లోహపు నోరు నేటి హారన్ యాంటెనాకు పూర్వరూపం. 1897లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన తన పరికరాలను ప్రదర్శించారు. ఆ తరువాత లోకం దీర్ఘతరంగాల వైపు మొగ్గింది. 1931లో ఇంగ్లీష్ చానల్‌కు అటూ ఇటూ, డోవర్, కలే రేవుల పరిసరాల మధ్య, సుమారు 18 సెంటీమీటర్ల తరంగాలపై సంభాషణ జరిపి చూపేవరకు సూక్ష్మతరంగాలు ప్రయోగశాల వస్తువులుగానే మిగిలాయి. అక్కడ సముద్రమైనా ఇక్కడ నది అయినా సమస్య ఒక్కటే. నడుమ నీరున్నది, ఆవలి ఒడ్డు కంటికి కనిపిస్తున్నది, తీగ లాగడం కష్టం.

చూపు ఒక్కటే చాలదు

సూక్ష్మతరంగాలు కాంతివలె దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. అందుచేత రెండు యాంటెనాలూ ఒకదానికొకటి కనిపించాలన్నది మొదటి నియమం. అయితే కనిపిస్తే చాలుననుకోవడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. ఒక యాంటెనా నుండి మరొకదానికి పోయే శక్తి దారంలా సన్నగా పోదు. కదురుపై చుట్టిన నూలువలె, రెండు చివరల సన్నగా, నడుమ లావుగా ఉండే ఒక ప్రదేశాన్ని అది ఆక్రమిస్తుంది. కాంతి వివర్తనాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ పేరిట దీనిని ఫ్రెనెల్ మండలం అంటారు. ఈ మండలంలోకి చెట్టు కొమ్మ గాని, నీళ్ళ ట్యాంకు గాని, కొత్తగా లేచిన మేడ గాని చొచ్చుకొని వస్తే, సరళరేఖకు అడ్డు లేకపోయినా సంకేతం బలహీనమవుతుంది.

ఆదిత్యపూర్‌లోని ఒక కార్ఖానా పైకప్పు నుండి నదికి ఆవల బిష్టుపూర్ వైపు ఉన్న ఒక కార్యాలయ భవనానికి 5 కిలోమీటర్ల దూరమనుకుందాం. పరికరం 15 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తుందనుకుందాం. అప్పుడు తరంగదైర్ఘ్యం 2 సెంటీమీటర్లు. మార్గమధ్యంలో మొదటి ఫ్రెనెల్ మండలపు వ్యాసార్ధం సరిగా 5 మీటర్లు. అందులో కనీసం నూటికి 60 వంతులు, అనగా 3 మీటర్ల మేర, సరళరేఖ చుట్టూ ఖాళీగా ఉండాలని ఇంజనీర్లు నియమం పెట్టుకున్నారు. ఇంత తక్కువ దూరంలో భూమి గుండ్రదనం వలన ఏర్పడే ఉబ్బు అర మీటరైనా ఉండదు. కొండ నుండి కొండకు వేసే పొడుగాటి మార్గాలలో సంగతి వేరు. 6 గిగాహెర్ట్జ్‌పై 45 కిలోమీటర్ల దూరానికి మార్గమధ్యంలో భూమి ఉబ్బే దాదాపు 30 మీటర్లు. దానిపైన ఫ్రెనెల్ మండలానికి మరొక 14 మీటర్లు వదలాలి. పాత ట్రంకు మార్గాలలో గోపురాలు అంత ఎత్తున ఎందుకు నిలిపారో ఈ లెక్క చెబుతుంది.

కనుక పని టవరుపై ఆరంభం కాదు, కాగితంపై ఆరంభమవుతుంది. సర్వే ఆఫ్ ఇండియా పటాలపై రెండు స్థలాలనూ గుర్తించి, నడుమనున్న నేల ఎత్తుపల్లాలను గీసి, దానిపై చెట్లను, కట్టడాలను నిలిపి చూస్తారు. నేడు ఉపగ్రహాల సహాయంతో స్థాన నిర్ణయం, కంప్యూటరులో నేల ఎత్తుల పట్టికలు అందుబాటులోకి వచ్చి ఈ శ్రమ తగ్గింది. అయినా మార్గం వెంట కాలినడకన పోయి చూసిరావడానికి ప్రత్యామ్నాయం లేదు. గత ఏడాది తీసిన పటంలో ఈ ఏడాది లేచిన మేడ ఉండదు. కర్మాగారపు ఆవరణలో పగలు పక్కకు తిరిగి ఉండే క్రేను రాత్రి పనివేళ తన పొడుగాటి చేతిని మార్గానికి అడ్డంగా చాచవచ్చు. ఎండ ఉన్న రోజున ఒక చివర నుండి అద్దంతో సూర్యకాంతిని తళుక్కుమనిపించి, రెండవ చివర నుండి దుర్భిణితో చూడడం పాత పద్ధతి. ఖర్చు లేనిది, నమ్మదగినది కనుక నేటికీ అది వాడుకలో ఉంది.

నది నడుమ ఉండడం వలన మరొక చిక్కు వస్తుంది. నిలకడైన నీటి ఉపరితలం అద్దంవలె తరంగాలను ప్రతిఫలింపజేస్తుంది. సూటిగా వచ్చిన తరంగము, నీటిపై తాకి వచ్చిన తరంగము గ్రాహకం వద్ద కలిసినపుడు ఒకదానినొకటి బలపరచవచ్చు, లేదా రద్దు చేసుకోవచ్చు. మే నెలలో రాళ్ళు తేలిన నది మీదుగా కుదిర్చిన లింకు ఆగస్టులో నిండుగా పారే నది మీదుగా అదే విధంగా ప్రవర్తించాలన్న నియమం లేదు. ఇందుకు విరుగుడుగా ఒక చివర యాంటెనాను ఎత్తుగా, రెండవ చివర దానిని తక్కువ ఎత్తులో పెట్టి, ప్రతిఫలన బిందువు నీటిపై గాక గరుకు నేలపైనో చెట్లపైనో పడేటట్లు చూస్తారు. చెట్లు తరంగాన్ని చెల్లాచెదురు చేస్తాయి గనుక దాని బాధ తగ్గుతుంది.

ఎత్తు పెంచుకోవడంలో కూడా స్వేచ్ఛ పరిమితం. ఆదిత్యపూర్‌కు ఎదురుగా నది ఆవల సోనారీ విమానాశ్రయం ఉంది. విమానాల రాకపోకల మార్గాలలో గోపురాల ఎత్తుకు హద్దులుంటాయి. ఎత్తైన గోపురాలకు ఎరుపు తెలుపు పట్టీలు, రాత్రివేళ ఎర్రదీపం తప్పనిసరి. పౌనఃపున్యాల కేటాయింపును 1952లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం చూస్తుంది. ఒకరి తరంగం మరొకరి తరంగానికి అడ్డురాకుండా ఉండడానికి ఈ కట్టుబాటు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని కొన్ని పట్టీలను, నిర్ణీత శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా ఆరుబయట వాడుకొనేందుకు అనుమతించారు. అందువలన చిన్న కార్ఖానాల యజమానులకు కూడా ఈ సాధనం అందుబాటులోకి వచ్చింది. అందరికీ తెరిచిన బాటలో రద్దీ కూడా ఎక్కువేనన్నది వేరే సంగతి.

ఇనుప గోపురం, దానిని ఎక్కే మనిషి

యాంటెనా నిలకడ దానిని మోసే గొట్టపు నిలకడపై ఆధారపడి ఉంటుంది. మధ్య వ్యాసం 60 సెంటీమీటర్లున్న పళ్ళెం 15 గిగాహెర్ట్జ్‌పై పంపే పుంజపు వెడల్పు ఇంచుమించు 2.3 డిగ్రీలు. 5 కిలోమీటర్ల దూరంలో ఒక డిగ్రీ తేడా అంటే 87 మీటర్లు పక్కకు జరగడం. గాలికి గోపురం ఊగినా, మెలితిరిగినా ఆ డిగ్రీ సులభంగా చేజారుతుంది. అందుచేత పళ్ళేన్ని బిగించే గొట్టాన్ని ముందుగా నీటిమట్టం పనిముట్టుతో అన్ని వైపులా సరిచూసి నిట్టనిలువుగా నిలుపుతారు. గొట్టం వాలి ఉంటే, పళ్ళేన్ని కుడి ఎడమలకు త్రిప్పినప్పుడల్లా దాని చూపు పైకో క్రిందికో కూడా జారుతుంది. అప్పుడు పనివాడు ఎంత శ్రమించినా శిఖరం దొరకదు. ఈ చిన్న జాగ్రత్తను విస్మరించి గంటల తరబడి గోపురంపై వేళ్ళాడేవారు తక్కువ కాదు.

గోపురం ఎక్కేవాని ప్రాణం అతని నడుముకు, భుజాలకు, తొడలకు చుట్టిన పట్టీలపై ఆధారపడుతుంది. ఆ పట్టీలకు రెండు కొక్కేల త్రాళ్ళు ఉండాలి. ఒక కొక్కెం విప్పేటపుడు రెండవది ఇనుముకు తగిలించే ఉండాలన్నది మినహాయింపు లేని నియమం. పై మెట్టుకు చేరేందుకు క్షణంపాటు రెండూ విప్పినవారే ప్రమాదాలకు లోనవుతారు. స్పానరును మణికట్టుకు త్రాడుతో కట్టుకోవాలి. 30 మీటర్ల ఎత్తునుండి జారిన స్పానరు క్రింద ఉన్నవాని శిరస్త్రాణాన్ని సైతం బద్దలు చేయగలదు. పళ్ళేన్ని పైకి లాగేటపుడు గాలికి కొట్టుకుపోకుండా క్రింద నుండి మరొక త్రాడుతో అదుపు చేయాలి. ప్రసారం జరుగుతున్నపుడు పళ్ళేనికి ఎదురుగా నిలబడరాదు. ఛోటానాగపూర్ ప్రాంతంలో చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుండి హఠాత్తుగా ముంచుకొచ్చే కాలబైశాఖి గాలివానను ఇక్కడి పనివారు బాగా ఎరుగుదురు. ఆ దిక్కున మబ్బు నల్లబడితే, పని సగంలో ఉన్నా దిగిపోవలసిందే. తొందరపెట్టే యజమానికి ఈ మాట రుచించకపోవచ్చు. మెరుపుకు అతని గడువులతో పని లేదు.

రెండు చివరల సంభాషణ

ఇక ఎదురెదురుగా కుదిర్చే ఘట్టం. ముందుగా పళ్ళేన్ని సుమారైన దిక్కుకు త్రిప్పాలి. ఇక్కడ దిక్సూచిని నమ్మరాదు. గోపురపు ఇనుమే దాని సూదిని ప్రక్కకు లాగుతుంది. ఉక్కు నగరంలో ఇనుమునకు కొదువ ఏముంది? పటంపై గీసిన రేఖ ఏ పొగగొట్టానికి కుడివైపుగా, ఏ నీళ్ళ ట్యాంకుకు ఎడమగా పోతున్నదో ముందే గుర్తించుకొని, ఆ గుర్తును బట్టి త్రిప్పడం మేలు. రెండు చివరల ధ్రువణం ఒకటే కావాలి. ఒక చివర తరంగం నిలువుగాను, మరొక చివర అడ్డంగాను ఉంటే సంకేతం వెయ్యోవంతుకు పడిపోతుంది. అప్పుడు ఎంత త్రిప్పినా ఫలితం శూన్యం. ఫీడు అనే నోటిభాగంపై ఉన్న బాణపు గుర్తును రెండు చోట్లా చూసుకోవడం అర నిమిషం పని.

తరువాత ఒక నియమం అన్నింటికంటె ముఖ్యం. ఒక చివరనున్న వ్యక్తి కదుపుతుంటే రెండవ చివరనున్న వ్యక్తి చేయి కదపరాదు. ఇద్దరూ ఒకేసారి కదిపితే ఎవరి కదలికకు ఏ ఫలితం వచ్చిందో తెలియదు. ఖర్‌కాయికి ఈ ఒడ్డున ఒకడు, ఆ ఒడ్డున ఒకడు. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఒకరిది హిందీ కావచ్చు, మరొకరిది బంగ్లా, ఒడియా, సంతాలీ, తెలుగు కావచ్చు. ఫోనులో వినిపించేవి మాత్రం అంకెలు, నడుమ నడుమ “రుకో” అన్న ఒక్క మాట. రెండవవాడు ఆగినట్లు చెబితే నిజంగా ఆగాడని మొదటివాడు నమ్మవలసి ఉంటుంది.

గ్రాహకం వెనుక ఉన్న చిన్న రంధ్రంలో వోల్టుమీటరు తీగలను గుచ్చితే సంకేతబలం వోల్టులలో కనిపిస్తుంది. కొన్ని తయారీలలో బలం పెరిగితే వోల్టేజి పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. తెలుసుకోకుండా ఎక్కితే పనివాడు శిఖరానికి బదులు లోయను వెదకుతాడు. మొదటి వ్యక్తి పళ్ళేన్ని ఎడమ చివర నుండి కుడి చివర వరకు మెల్లగా, కొద్దికొద్దిగా త్రిప్పుతూ ప్రతి మెట్టులో అంకెను వ్రాసుకుంటాడు. అంకె కొంత పెరిగి తగ్గుతుంది. తిరిగి బాగా పెరిగి తగ్గుతుంది. మూడవసారి కొంత పెరిగి తగ్గుతుంది. ఈ మూడు శిఖరాలలో నడుమ ఉన్నదే అసలైనది. అటూ ఇటూ ఉన్నవి పళ్ళెపు అంచులవలన ఏర్పడే ఉపపుంజాలు. అవి ప్రధాన పుంజానికి మూడు నాలుగు డిగ్రీల దూరాన ఉంటాయి. వాటి బలం ప్రధాన పుంజపు బలంలో నూరోవంతు గాని అంతకన్న తక్కువ గాని ఉంటుంది.

ఈ పనిలో అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తొందరలో ఉన్నవాడు మొదట తగిలిన శిఖరం వద్దనే ఆగి బోల్టులు బిగిస్తాడు. పరికరంపై పచ్చదీపం వెలుగుతుంది. మాట వినిపిస్తుంది. కార్ఖానావారు సంతోషిస్తారు, పనివారు దిగివస్తారు. అతడు పట్టుకున్నది ఉపపుంజాన్నని ఎవరికీ తెలియదు. ఆ లింకు పొడివాతావరణంలో నెలల తరబడి పనిచేస్తుంది కూడా. దాని గుట్టు బయటపెట్టేది తొలి పెద్దవాన. “పనిచేస్తున్నది” అన్న మాట అందుచేతనే పరీక్ష కాదు. లెక్కప్రకారం రావలసిన బలం వచ్చిందా లేదా అన్నదే పరీక్ష.

ఆ లెక్క ఇది. పైన చెప్పిన ఉదాహరణలో ప్రేషకం 63 మిల్లీవాట్ల శక్తిని పంపుతుందనుకుందాం. ఇది ఒక చిన్న టార్చిదీపపు శక్తికన్న తక్కువ. 5 కిలోమీటర్ల శూన్యప్రదేశంలో అది 130 డెసిబెల్‌ల మేర పలుచబడుతుంది. రెండు పళ్ళేలు ఒక్కొక్కటి సుమారు 37 డెసిబెల్‌లు కూడగట్టి ఆ నష్టంలో కొంత పూడుస్తాయి. తీగలలో, అతుకులలో పోయే ఒకటి రెండు డెసిబెల్‌లు తీసివేయగా, గ్రాహకానికి అందేది ఒక మిల్లీవాటులో పదివేలోవంతు. పంపినదానిలో ఆరు లక్షల భాగాలకు ఒక భాగమైనా చేరదన్నమాట. అదైనా పుష్కలమే. అందులో మూడువేలోవంతుకు, అనగా మరొక 35 డెసిబెల్‌ల మేర క్షీణించినా అర్థం చేసుకోగల గ్రాహకాలున్నాయి. ఈ 35 డెసిబెల్‌లు వానకాలానికై దాచుకున్న గాదెలోని గింజల వంటివి. ఉపపుంజంపై కుదిరిన లింకు ఆ గాదెలో 20 డెసిబెల్‌లను మొదటిరోజే ఖర్చుచేసి కూర్చుంటుంది.

వాన ఎంత తింటుందో కూడా తెలిసినదే. 15 గిగాహెర్ట్జ్‌పై, గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున కురిసే వాన కిలోమీటరుకు సుమారు 3 నుండి 4 డెసిబెల్‌లను హరిస్తుంది. 5 కిలోమీటర్లకు ఇంచుమించు 17. సరిగా కుదిరిన లింకు దీనిని అవలీలగా భరిస్తుంది. ఉపపుంజంపై ఉన్న లింకుకు మిగిలినవి 15 మాత్రమే కాబట్టి అది నోరుమూసుకుంటుంది. గంటకు 100 మిల్లీమీటర్ల కుంభవృష్టిలో నష్టం 40 డెసిబెల్‌ల వరకు పోవచ్చు. అప్పుడు సరిగా కుదిరినది సైతం కొన్ని నిమిషాలు ఆగవచ్చు. వానచినుకులు పడేటపుడు కొంత చదునుగా అడ్డంగా విస్తరిస్తాయి గనుక నిలువు ధ్రువణానికి నష్టం కొంచెం తక్కువ. 6 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో అదే కుంభవృష్టి కిలోమీటరుకు ఒక డెసిబెల్ చొప్పున మాత్రమే తింటుంది. దూరపు మార్గాలకు తక్కువ పౌనఃపున్యాలను కేటాయించడంలోని ఔచిత్యం ఇదే.

కుడి ఎడమల శిఖరం దొరికిన తరువాత పైకి క్రిందికి అదే విధంగా వెదకాలి. ఆపై ఈ చివర బిగించి, ఆ చివర మొదలుపెట్టాలి. అది ముగిశాక మళ్ళీ ఈ చివరకు రావాలి. రెండు మూడు ఆవృత్తులు కాకుండా పూర్తి ఫలితం రాదు. చివరకు లెక్కకు, కొలతకు నడుమ రెండు మూడు డెసిబెల్‌ల తేడా ఉంటే మంచి పని అనవచ్చు. ఇరవై తేడా ఉంటే దాదాపు నిశ్చయంగా ఉపపుంజమే. పది తేడా ఉంటే మార్గంలో ఏదో కొమ్మ ఫ్రెనెల్ మండలాన్ని తాకుతుండవచ్చు. శిఖరం దొరికినా పని ముగియదు. బోల్టు బిగించేటపుడు పళ్ళెం రవ్వంత జరుగుతుంది. నిజానికి ఈ వృత్తిలో మీటరు కంటె స్పానరే ఎక్కువ తప్పులు చేస్తుంది. అందుచేత మీటరుపై కన్ను వేసి ఉంచి, ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి, కొద్దికొద్దిగా బిగించాలి.

నీరు, పిడుగు, తుప్పు

కుదిరిన లింకును కాపాడుకోవడం మరొక విద్య. లింకులను పాడుచేసే శత్రువులలో నీరు ప్రధానమైనది. తీగ గ్రాహకంలోకి ప్రవేశించే అతుకు వద్ద తనంత తాను అతుక్కొనే రబ్బరు పట్టీని క్రింది నుండి పైకి, పెంకుటింటి కప్పు పద్ధతిలో, ఒక చుట్టపై మరొక చుట్ట పడేలా చుట్టాలి. తీగను అతుకుకు ముందు క్రిందికి వంపుగా వేలాడదీస్తే వాననీరు ఆ వంపు అడుగున చుక్కలై రాలిపోతుంది. పాత ట్రంకు కేంద్రాలలో తరంగాలను మోసే బోలు లోహపు గొట్టాలలో పొడిగాలిని ఒత్తిడితో నింపి ఉంచేవారు. తేమ లోనికి రాకూడదన్నదే వారి తాపత్రయం కూడా.

పిడుగు నివారణకు గోపుర శిఖరాన పదునైన లోహదండం, దాని నుండి నేలవరకు సూటిగా దిగే రాగిపట్టీ ఉండాలి. తీగ పైతొడుగును గోపురం పైన, క్రింద, భవనంలో ప్రవేశించే చోట నేలకు కలపాలి. ఛోటానాగపూర్ రాతినేలలో విద్యుత్తును భూమిలోకి దింపడం తేలిక కాదు. గొయ్యి లోతుగా త్రవ్వి, బొగ్గు, ఉప్పు వంతులవారీగా పొరలుగా నింపి, వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండడం ఇక్కడ అనుభవం నేర్పిన పద్ధతి. పారిశ్రామికవాడ గాలిలోని ధూళి, ఆమ్లపు ఆవిర్లు ఇనుమును త్వరగా తింటాయి. జింకు పూత లేని ఒక్క చౌక బోల్టు మూడేళ్ళలో తుప్పుపట్టి, ఒక పెనుగాలి రాత్రి పళ్ళేన్ని రెండు డిగ్రీలు ప్రక్కకు త్రిప్పగలదు.

గాజుపోగు కేబులు వచ్చిన తరువాత దూరపు మార్గాలలో సూక్ష్మతరంగాల ప్రాధాన్యం తగ్గిన మాట నిజం. గాజుపోగు మోయగలిగిన భారం ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా రోడ్డు త్రవ్వితే కేబులు తెగుతుంది. నదిని దాటాలంటే వంతెన యజమాని అనుమతి కావాలి. అడవిలోనూ కొండలలోనూ కేబులు వేయడానికి నెలలు పడుతుంది. దేశంలోని సెల్‌ఫోను గోపురాలలో గణనీయమైన భాగం నేటికీ ఒకదానితో ఒకటి సూక్ష్మతరంగాలతోనే ముడిపడి ఉన్నాయి. ఆదిత్యపూర్ వంటి చోట్ల కేబులు, పళ్ళెం రెండూ ఉంచుకొని, ఒకటి తెగినపుడు మరొకటి ఆదుకొనేటట్లు ఏర్పాటు చేసుకోవడం వివేకవంతుల పద్ధతి.

పని పూర్తయిన నాడు గ్రాహకం వద్ద కొలిచిన సంకేతబలం, తేదీ, వాతావరణం, రెండు చివరలనూ కుదిర్చినవారి సంతకాలు ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఇరవైనాలుగు గంటలపాటు నిరంతరంగా పరీక్షించి, ఎన్ని తప్పులు దొర్లాయో కూడా అందులోనే వ్రాయాలి. ఏడాది తరువాత ఐదు డెసిబెల్‌లు తగ్గినట్లు కనిపిస్తే, అతుకులోకి నీరు చేరిందా, పళ్ళెం జరిగిందా, నది ఒడ్డున సాలవృక్షం ఒకటి ఎదిగి మండలంలోకి తల ఎత్తిందా అని విచారించడానికి పోల్చుకోదగిన అంకె ఆ పుస్తకంలో తప్ప మరెక్కడా ఉండదు. మొదటిసారి దానిని తెరిచి చూడవలసిన కాలం ఆశ్వయుజం. వానలు వెనుకపట్టి, ఖర్‌కాయి నీరు తీసి, గోపురపు మెట్లు ఆరిన తరువాత, ఒక ఉదయం రెండు ఒడ్డులవారూ మళ్ళీ ఎక్కి అంకెలు చదువుకోవాలి.